మీ విమానం ఎందుకు కూలిందో చెప్పగలరా?

డ్రోన్ రంగంలో వేల ఉద్యోగాలు వస్తాయంటూ రోజూ ఏదో ఒక వార్త కనిపిస్తోంది. అది చదివి చాలామంది విద్యార్థులు నేరుగా పైలట్ సర్టిఫికెట్ కోర్సుల వైపు పరుగెడుతున్నారు. కానీ ఈ పరిశ్రమకు పునాది పడింది కోర్సుల్లో కాదు. రేడియో కంట్రోల్‌తో నడిచే చిన్న విమానాలు, కార్లు సొంతంగా కట్టుకుని ఆడుకున్నవాళ్ల గదుల్లో, మైదానాల్లో. ఆ హాబీ మీకు ఏం నేర్పుతుంది? ఉద్యోగ వేటలో ఎంతవరకు అక్కరకొస్తుంది? చట్టం ఏమంటోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

వార్తల్లో ఏముంది?

2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి ఆకాశంలో బొమ్మలు గీశాయి. అమరావతి డ్రోన్ సదస్సులో భాగంగా జరిగిన ఆ ప్రదర్శనకు గిన్నిస్ రికార్డులు కూడా దక్కాయి. అంతకు నెల ముందే బుడమేరు వరదలో చిక్కుకున్న కాలనీలకు డ్రోన్లే ఆహార పొట్లాలు మోశాయి. ఆ నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్రోన్ విధానాన్ని ఆమోదించింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ హబ్, 40 వేల ఉద్యోగాలు అందులోని లక్ష్యాలు. తెలంగాణలో ఈ కథ ఇంకా ముందే మొదలైంది. 2021 సెప్టెంబరులోనే వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు చేరవేసే ప్రయోగం జరిగింది.

కేంద్రం వైపు నుంచీ వరుసగా నిర్ణయాలు వచ్చాయి. 2021 ఆగస్టు 25న కొత్త డ్రోన్ నియమాలు వచ్చాయి. పాత పద్ధతిలో నింపాల్సిన 25 ఫారాలు 5కు తగ్గాయి. అదే ఏడాది దేశీయ తయారీకి 120 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మహిళా సంఘాలకు వ్యవసాయ డ్రోన్లు అందించే నమో డ్రోన్ దీదీ పథకానికి 1,261 కోట్లు కేటాయించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్లన్నింటి మీదా ఒకటే జీఎస్టీ, 5 శాతం. వ్యక్తిగత వాడకం డ్రోన్ల మీద అంతకు ముందు 28 శాతం ఉండేది.

ఇవన్నీ చదివితే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. కానీ ఒక్క క్షణం ఆగండి. 40 వేలు అన్నది లక్ష్యం. ఇప్పటికిప్పుడు ఖాళీగా ఉన్న పోస్టుల లెక్క కాదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ ఉద్యోగాలన్నీ రిమోట్ పట్టుకుని ఎగరేసే పనులు కావు. డ్రోన్ ఒక యంత్రం. దాన్ని ఎవరో డిజైన్ చేయాలి, కూర్చాలి, పరీక్షించాలి. పాడైతే బాగుచేయాలి. పొలంలో మందు కొట్టే డ్రోన్ సంగతే తీసుకోండి. దుమ్ము, తడి, రసాయనాల మధ్య పనిచేస్తుంది. నాజిల్ పూడుకుపోతుంది, మోటారు బేరింగు అరుగుతుంది, ప్రొపెల్లర్ చెట్టుకొమ్మకు తగిలి విరుగుతుంది. ఎగరేసేవాళ్లకు పని పంట కాలంలోనే ఎక్కువ. బాగుచేసేవాళ్లకు మాత్రం యంత్రం ఉన్నన్నాళ్లూ పని ఉంటుంది.

సర్టిఫికెట్ ఇచ్చేది, ఇవ్వనిది

డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తాయి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే చేరొచ్చు. శిక్షణ కొన్ని రోజులే. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. డ్రోన్‌ను వృత్తిగా నడపాలనుకునేవాళ్లకు అది కావాల్సిందే. అందులో తప్పు పట్టడానికేం లేదు.

అయితే లెక్క వేసుకోండి. కొద్ది రోజుల్లో మీరు నేర్చుకునేది సిద్ధంగా ఉన్న యంత్రాన్ని నియమాల ప్రకారం నడపడం. జీపీఎస్ ఉన్న ఈనాటి డ్రోన్ చెయ్యి వదిలేసినా గాలిలో కదలకుండా నిలబడుతుంది. అంటే కష్టమైన పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. మీతో పాటు అదే బ్యాచ్‌లో కూర్చున్న అందరి చేతిలోనూ అదే కాగితం ఉంటుంది. పదుల వేల రూపాయలు కట్టి తెచ్చుకున్న కాగితం మిమ్మల్ని పక్కవాళ్ల నుంచి వేరుచేసి చూపించలేకపోతే ఇబ్బందే కదా!

మరి ఏది వేరుచేస్తుంది? ఇంజినీరింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాళ్లు 'ఏం ఎగరేశావ్?' అన్నదాని కంటే 'ఏం పాడైంది? ఎలా కనిపెట్టావ్? ఏం మార్చావ్?' అన్నదానికే ఎక్కువ చెవి ఒగ్గుతారు. ఆ జవాబు కోచింగ్ నోట్సులో దొరకదు. మీరు కట్టిన విమానం మీ కళ్ల ముందే కూలితేనే వస్తుంది. రేడియో కంట్రోల్ హాబీ, మన భాషలో చెప్పాలంటే ఆర్‌సీ హాబీ, అసలు విలువ అదే. తక్కువ ఖర్చులో, ఎవరికీ నష్టం లేకుండా కూల్చుకుని నేర్చుకునే అవకాశం ఇస్తుంది.

బొమ్మల నుంచే పుట్టిన పరిశ్రమ

ఇది ఊరికే ఊరడింపుగా చెప్పే మాట కాదు. డ్రోన్ పరిశ్రమ చరిత్రే దీనికి సాక్ష్యం. రేడియోతో దూరం నుంచి నడపడం అన్న ఆలోచన పాతదే. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లో రేడియోతో నడిచే చిన్న పడవను జనం ముందు తిప్పి చూపించారు. 1930ల చివర్లో అమెరికాలో గుడ్ సోదరులు రేడియో కంట్రోల్ విమానాన్ని ఎగరేశారు. తర్వాత దశాబ్దాల పాటు ఇదొక సరదాగానే మిగిలింది.

ఈ శతాబ్దంలో కథ మలుపు తిరిగింది. ప్రపంచ డ్రోన్ మార్కెట్‌లో పెద్ద వాటా ఉన్న చైనా సంస్థ డీజేఐని 2006లో స్థాపించిన ఫ్రాంక్ వాంగ్‌కు చిన్నప్పటి నుంచి రిమోట్ హెలికాప్టర్ల పిచ్చి. హాంకాంగ్‌లో ఇంజినీరింగ్ చదువుతూ ఆయన చేసిన ప్రాజెక్టు కూడా హెలికాప్టర్‌ను నిలకడగా ఉంచే కంట్రోలరే. చేత్తో నిలబెట్టడం ఎంత కష్టమో తెలిసినవాడికే కదా దాన్ని యంత్రానికి అప్పజెప్పాలన్న ఆలోచన వచ్చేది!

అమెరికాలో ఇంకో ముచ్చట. మెక్సికోలోని టిహువానా నుంచి వచ్చిన జోర్డి మున్యోజ్ అనే 20 ఏళ్ల కుర్రాడు వీడియోగేమ్ రిమోట్‌లోని సెన్సర్లు ఊడదీసి, ఆర్డుయినో బోర్డుకు కలిపి బొమ్మ హెలికాప్టర్‌కు ఆటోపైలట్ తయారుచేశాడు. దాన్ని చూసిన పత్రికా సంపాదకుడు క్రిస్ ఆండర్సన్ అతనితో కలిసి 2009లో త్రీడీ రోబోటిక్స్ అనే కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ తర్వాత డీజేఐ పోటీకి తట్టుకోలేక సొంత డ్రోన్ల తయారీ ఆపేసింది. కానీ ఆ హాబీవాళ్లు కలిసి రాసిన ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ మాత్రం నిలిచింది. ఈరోజు అది ఉచితంగా, పూర్తి కోడ్‌తో సహా ఎవరికైనా అందుబాటులో ఉంది. దానికి పోటీగా నిలిచిన పిక్స్‌హాక్, పీఎక్స్4 కూడా స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థి ప్రాజెక్టుగానే మొదలయ్యాయి.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. ఐఐటీ బాంబే పూర్వ విద్యార్థులు 2007లో పెట్టిన ఐడియాఫోర్జ్ 2023లో స్టాక్ మార్కెట్లో లిస్టయింది. 'త్రీ ఇడియట్స్' సినిమాలో హాస్టల్ కిటికీ దగ్గరకు ఎగిరొచ్చే నాలుగు ప్రొపెల్లర్ల యంత్రం గుర్తుందా? అది వాళ్లు తయారుచేసిందే. సినిమాలో వింతగా చూసిన ఆ యంత్రం ఈరోజు ఇంజినీరింగ్ కాలేజీల్లో మామూలు ప్రాజెక్టు అయిపోయింది.

కిలో బరువులో నాలుగేళ్ల సిలబస్

'బొమ్మ విమానంలో నేర్చుకునేదేముంది?' అనిపించొచ్చు. ఓ చిన్న శిక్షణ విమానాన్ని కాగితం మీద కడదాం. రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 1.2 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. బ్యాటరీతో సహా బరువు కిలో. ఫోమ్ షీటు, వేడి జిగురు, వెదురు పుల్లలతో అయిపోతుంది.

మొదటి ప్రశ్న: ఎంత మోటారు కావాలి? ఇలాంటి నెమ్మది విమానాలకు కిలో బరువుకు 150 నుంచి 200 వాట్లు ఉంటే చాలన్నది హాబీలో అందరూ వాడే మోటు లెక్క. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ, అంటే లిపో, 11.1 వోల్టులు ఇస్తుంది. మోటారు 14 ఆంపియర్లు లాగితే 11.1ని 14తో గుణించండి, దాదాపు 155 వాట్లు. సరిపోయింది. మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ 14కే తీసుకుంటే కాలిపోవచ్చు. 30 ఆంపియర్లది తీసుకుంటే నిశ్చింత.

రెండో ప్రశ్న: ఎంతసేపు ఎగురుతుంది? బ్యాటరీ 2,200 మిల్లీ ఆంపియర్ అవర్లది అనుకుందాం. లిపోను పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి 80 శాతమే వాడతాం. అంటే 1.76 ఆంపియర్ అవర్లు. సగటున 10 ఆంపియర్లు వాడితే పది నిమిషాలు. ఇదే లెక్కను పెద్దది చేస్తే మందు కొట్టే డ్రోన్‌కు ఎన్ని బ్యాటరీ సెట్లు పట్టుకెళ్లాలో తేలుతుంది. కరెంటు బైకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో కూడా ఈ దారిలోనే తేలుతుంది.

మూడో ప్రశ్న: కనీసం ఎంత వేగం ఉంటే పడిపోదు? రెక్క వైశాల్యం 0.24 చదరపు మీటర్లు. ఏరోడైనమిక్స్ పుస్తకంలోని లిఫ్ట్ సూత్రంలో ఈ అంకెలు వేస్తే గంటకు సుమారు 27 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు అసలు తమాషా. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. వేసవిలో 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి పల్చబడుతుంది. అదే విమానానికి అప్పుడు 29 కిలోమీటర్లు కావాలి. విశాఖ తీరంలో చల్లని ఉదయం చక్కగా ఎగిరిన విమానం హైదరాబాద్ ఎండలో మలుపు తిరుగుతూ ఎందుకు కూలిందో ఈ రెండు కిలోమీటర్ల తేడా చెప్పగలదు. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం ఇక జన్మలో మర్చిపోరు.

నాలుగోది బ్యాలెన్స్. ఇలాంటి విమానంలో బరువు కేంద్రం రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో పావు వంతు నుంచి మూడో వంతు మధ్య ఉండాలి. మన లెక్కలో అయిదు నుంచి ఆరున్నర సెంటీమీటర్ల వెనక. బ్యాటరీ బాగా వెనక్కి జరిగితే తోక బరువెక్కి, విమానం చెయ్యి వదలగానే ముక్కు పైకెత్తి, వేగం కోల్పోయి పడిపోతుంది. తొలి విమానాలు తొలి నిమిషంలో కూలడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

ఇక ఎలక్ట్రానిక్స్. సర్వో మోటారుకు సెకనుకు 50 సార్లు వెళ్లే పల్స్ వెడల్పు ఒకటి నుంచి రెండు మిల్లీ సెకన్లు. 1.5 అయితే మధ్యలో ఉంటుంది. మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో పీడబ్ల్యూఎం అని చదివేది ఇదే. మెకానికల్ వాళ్లకు రెక్క, ఈసీఈ వాళ్లకు రేడియో, ఈఈఈ వాళ్లకు మోటారు, సీఎస్‌ఈ వాళ్లకు ఆటోపైలట్ కోడ్... ఒక్క కిలోలో అన్ని బ్రాంచీలూ ఉన్నాయి.

కారు కూడా తక్కువేం కాదు

ఎగరేయడానికి చోటు లేదా? ఊరు ఎయిర్‌పోర్టు పక్కనే ఉందా? నేల మీద నడిచే ఆర్‌సీ కారుతో మొదలుపెట్టండి. డ్రోన్ నియమాలు దానికి వర్తించవు. అసలు కారులో పదో వంతు సైజులో ఉండే మోడల్‌లో డిఫరెన్షియల్, సస్పెన్షన్, స్టీరింగ్ జ్యామితి అన్నీ ఉంటాయి. దానికి ఓ చిన్న కంప్యూటర్, కెమెరా, లైడార్ తగిలిస్తే డ్రైవర్ లేని కారుకు ప్రయోగశాల అవుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2016లో మొదలైన ఎఫ్1టెన్త్ పోటీ అచ్చంగా ఇదే. పదో వంతు సైజు ఆర్‌సీ కార్లు తమంతట తామే రేసు పరుగెత్తాలి. మన ఐఐటీ హైదరాబాద్‌లోనూ డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్ల పరిశోధన కోసం టిహాన్ అనే కేంద్రం, ప్రత్యేక పరీక్షా మైదానం ఉన్నాయి. అలాంటి చోట ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు మీరే తీసిన పనిచేసే కారు వీడియో ఒకటి ఉంటే మాట మొదలవుతుంది.

విడిభాగాల దగ్గరే ముడి

ఇప్పుడు అసలు విశ్లేషణకు వద్దాం. దేశీయ డ్రోన్లు అంటున్నాం గానీ లోపల మోటార్లు, సెన్సర్లు, బ్యాటరీ సెల్లులు చాలావరకు బయటి నుంచే వస్తున్నాయి. 2022 నిషేధం డ్రోన్ల మీదే. విడిభాగాల దిగుమతికి అడ్డు లేదు. దీనివల్ల కూర్చే పరిశ్రమ పెరిగింది. తయారుచేసే పరిశ్రమ ఇంకా పెరగాలి.

ఈ ఆధారపడటం ఎంత ప్రమాదమో వరుసగా తెలిసొచ్చింది. 2023 సెప్టెంబరు నుంచి చైనా కొన్ని రకాల డ్రోన్లు, వాటి భాగాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మన సైన్యం చైనా భాగాల కారణంగా 400 డ్రోన్ల ఒప్పందాలను రద్దు చేసుకున్నట్టు వార్తలు వచ్చాయి. అదే ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి నియంత్రణ తెచ్చింది. బ్రష్ లేని మోటారు బలమంతా అయస్కాంతంలోనే ఉంటుంది. మే నెలలో ఆపరేషన్ సిందూర్ తర్వాత డ్రోన్లు దేశ భద్రతలో ఎంత కీలకమో వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని మీ వైపు నుంచి చదవండి. రాబోయే రోజుల్లో విలువ పెరిగేది మోటారు చుట్టగలిగినవాళ్లకు, ఈఎస్‌సీ సర్క్యూట్ డిజైన్ చేయగలిగినవాళ్లకు, బ్యాటరీ ప్యాక్‌ను పరీక్షించగలిగినవాళ్లకు, ఫ్లైట్ కంట్రోలర్ కోడ్‌లో తప్పు పట్టగలిగినవాళ్లకు. ఆర్‌సీ హాబీలో ఇవన్నీ చిన్న స్థాయిలో తగులుతాయి. కాలిన మోటారును విప్పి రాగి తీగ మళ్లీ చుట్టినవాడికి, కొత్తది ఆర్డర్ పెట్టినవాడికి తేడా అక్కడే మొదలవుతుంది.

చట్టం గీత ఎక్కడుంది?

'బొమ్మే కదా' అని చట్టం వదలదు. ఆర్‌సీ విమానం కూడా 2021 డ్రోన్ నియమాల కిందకే వస్తుంది. గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

• బరువు: 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. బ్యాటరీతో కలిపే తూకం వేయాలి.

• పైలట్ సర్టిఫికెట్: నానోకు అక్కర్లేదు. వ్యాపారం కోసం కాకపోతే మైక్రోకూ అక్కర్లేదు. మన కిలో విమానం ఇందులోకే వస్తుంది. పెళ్లి వీడియో తీసి డబ్బు తీసుకుంటే మాత్రం లెక్క మారుతుంది.

• మోడల్ విమానం: 25 కిలోల లోపు ఉండి, చదువు, పరిశోధన, సరదా కోసం, కంటికి కనిపించే దూరంలోనే నడిపితే టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. గుర్తింపు నంబరు మాత్రం, నియమాల్లో మినహాయింపు ఉంటే తప్ప, తీసుకోవాల్సిందే.

• ఎక్కడ: ప్రభుత్వ మ్యాపులో ఆకుపచ్చగా ఉన్న చోట 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఎరుపు ప్రాంతంలో కేంద్రం అనుమతి తప్పనిసరి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్న హైదరాబాద్‌లో, నౌకాదళం ఉన్న విశాఖలో మ్యాపు చూడకుండా మేడెక్కొద్దు.

• కాలేజీ దారి: ప్రభుత్వ గుర్తింపున్న విద్యాసంస్థలు పరిశోధన కోసం, ఆకుపచ్చ ప్రాంతంలో, తమ ఆవరణలో ఎగరేసుకోవడానికి చాలా అనుమతుల నుంచి మినహాయింపు ఉంది. ఒంటరిగా చేయడం కంటే కాలేజీ క్లబ్ పెట్టుకోవడానికి ఇదే పెద్ద కారణం.

నియమాలు ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల వరకు ఉంది. పైగా 2025 సెప్టెంబరులో కేంద్ర పౌర విమానయాన శాఖ కొత్త డ్రోన్ చట్టం ముసాయిదాను అభిప్రాయాల కోసం బయటపెట్టింది. అంటే నియమాలు మారే దశలో ఉన్నాయి. ఎగరేసే ముందు తాజా నిబంధనలు ఓసారి చూసుకోండి. పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఇదొక కరెంట్ అఫైర్స్ అంశం కూడా.

ఎంతలో మొదలుపెట్టొచ్చు?

ట్రాన్స్‌మిటర్, రిసీవర్, మోటారు, ఈఎస్‌సీ, నాలుగు సర్వోలు, ఓ బ్యాటరీ, ఛార్జరు, ఫోమ్ షీట్లు కలిపి సాదాసీదావి తీసుకుంటే 10 వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ అవుతుంది. నలుగురు కలిస్తే తలా రెండున్నర వేలు. ఇందులో ఎక్కువ భాగం ట్రాన్స్‌మిటర్‌కే. అది ఏళ్ల తరబడి ఉంటుంది. కూలినప్పుడు పోయేది ఎక్కువగా ఫోమ్, ప్రొపెల్లర్లే. లైసెన్స్ అక్కర్లేని 2.4 గిగాహెర్ట్జ్ సెట్టునే తీసుకోండి.

ముందు కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద కనీసం పది గంటలు కూలండి. అక్కడ కూలితే రూపాయి కూడా పోదు. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. చాలామంది తికమకపడేది అక్కడే. అది చేతికి అలవాటయ్యాకే మైదానానికి వెళ్లండి. వీలైతే అనుభవం ఉన్నవాళ్లను పక్కన పెట్టుకోండి.

భద్రత విషయంలో రాజీ వద్దు. లిపో సెల్లు నిండితే 4.2 వోల్టులు. అంతకు మించి ఎక్కిస్తే మంటలు రావొచ్చు. 3.3 కిందకు దిగితే పాడవుతుంది. దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. హాస్టల్ మంచం కింద ఛార్జింగ్ పెట్టి క్లాసుకు వెళ్లిపోవద్దు. ఉబ్బిన బ్యాటరీని 'ఇంకొక్కసారి' అంటూ వాడొద్దు. టేబుల్ మీద మోటారు పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీయండి. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ సెట్ చేయండి. జనం మీదుగా, రోడ్డు మీదుగా ఎగరేయొద్దు. సంక్రాంతి వారంలో గాలిపటాల దారాల మధ్యకు అసలే వద్దు.

రెజ్యూమెలో ఎక్కాలంటే

హాబీ కాలమ్‌లో 'ఏరోమోడలింగ్' అని ఒక్క మాట రాస్తే క్రికెట్, సంగీతం పక్కన అదీ ఒకటి. పనికిరావాలంటే ఆధారం చూపించాలి. అందుకు మొదటి రోజు నుంచే ఓ లాగ్ పుస్తకం పెట్టండి. ప్రతి ఎగురుడుకూ తేదీ, గాలి, బరువు, బరువు కేంద్రం, ఎగిరిన నిమిషాలు, బ్యాటరీ వోల్టేజీ రాయండి. కూలితే మూడు లైన్లు తప్పనిసరి: ఏం జరిగింది, ఎందుకు అనుకుంటున్నారు, తర్వాత ఏం మార్చారు. ఇరవై ఎగురుళ్ల లాగ్, విరిగిన రెక్క ఫొటో, మార్చిన డ్రాయింగ్... ఇవి కలిస్తే ప్రాజెక్టు రిపోర్టు కాపీ కొట్టలేదని ఎవరికైనా అర్థమవుతుంది.

తర్వాతి మెట్టు పోటీలు. ఎస్‌ఏఈ ఇండియా ఏరో డిజైన్ ఛాలెంజ్, ఐఐటీలతో కలిసి బోయింగ్ నిర్వహించే జాతీయ ఏరోమోడలింగ్ పోటీ ఇంజినీరింగ్ విద్యార్థులకు మంచి వేదికలు. డిగ్రీ విద్యార్థులైతే ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ ఉందేమో చూడండి. అందులో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగమే. కోడ్ రాసేవాళ్లు ఆర్డుపైలట్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చిన్న తప్పు ఒకటి సరిచేసి పంపినా, ఆ మార్పు మీ పేరుతో అందరికీ కనిపిస్తుంది.

అలాగని దీన్ని మంత్రదండం అనుకోవద్దు. హాబీ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. డిగ్రీలో బ్యాక్‌లాగులు పెట్టుకుని మైదానంలో తిరిగితే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. గేట్‌కో, గ్రూప్స్‌కో సీరియస్‌గా చదువుతున్నవాళ్లు ఆదివారం ఉదయం రెండు గంటలకు మించి పెట్టక్కర్లేదు. డ్రోన్ రంగం పట్టనివాళ్లకు ఇదంతా ఓ మంచి కాలక్షేపమే అయినా నష్టం లేదు. సాయంత్రం గాలి తగ్గాక, మీ చేత్తో కట్టింది మీ చేతి నుంచి లేచి ఎండలో మెరుస్తూ మలుపు తిరిగితే కలిగే సంతోషానికి జీతంతో పనిలేదు.

పైలట్ కోర్సుకు డబ్బు కట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు మాత్రం ఓ పని చేయండి. ఆ ఫీజులో కొంత ముందు దీని మీద పెట్టి మూడు నెలలు కట్టి, ఎగరేసి, కూల్చి, మళ్లీ అతికించి చూడండి. విరిగిన రెక్క అతికించేటప్పుడు విసుగొస్తే ఈ రంగం మీది కాదని చాలా చౌకగా తెలిసిపోతుంది. అన్నం సంగతి మర్చిపోయి కూర్చుంటే మిగతా ఫీజు ధైర్యంగా కట్టొచ్చు. అప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ సొంత జవాబులు కూడా మీ దగ్గర ఉంటాయి.